విప్పని మోపు

దాలమ్మ మోపు విప్పి చూడక్కర్లేదన్న మాట చీపురుపల్లి బజారులో ఎప్పుడు పుట్టిందో ఎవరికీ గుర్తులేదు గాని, పుట్టాక మాత్రం అది దాలమ్మ కంటే ముందు నడిచి కొట్టు గుమ్మం ఎక్కేది. మూలికల కొట్టు జగన్నాధం ఎవరి మోపు వచ్చినా ముడి విప్పించి, ఒక్కొక్క వేరూ తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కాసేపు సణిగి గాని తూకానికి ఒప్పుకునేవాడు కాదు. దాలమ్మ మోపు దించితే మాత్రం "అలా పెట్టీ" అని కాటా కేసి చెయ్యి చూపించేవాడు. ఆ రెండు ముక్కలు వింటే చాలు, ఎండలో అంత దూరం నడిచొచ్చిన అలుపు ఆమెకి గుర్తుండేది కాదు.

ఆమె తెచ్చేది తెగడ వేరు. మెట్ట గట్ల మీద ఈత పొదలకీ జీడి చెట్లకీ అల్లుకుపోయే తీగ అది. తెగడల్లో రెండున్నాయి. తెల్ల తెగడ మందు. ఒంట్లో చేరిన చెడునీటిని నెమ్మదిగా దించుతుంది. నల్ల తెగడ దాని తోడబుట్టినదే గాని మహా మొండిది, మనిషిని గుడ్డ పిండినట్టు పిండేస్తుంది. ఆకు చూస్తే రెండూ ఒకటే. పొద్దున్నే పువ్వు విచ్చుకున్నప్పుడయితే చిన్నపిల్లయినా చెప్పేస్తుంది. తెల్లదానికి పాల తెలుపు, నల్లదానికి గొంతులో ఊదా మచ్చ. ఎండెక్కి పువ్వులు ముడుచుకున్నాక ఇక చేతి వేళ్ళే దిక్కు. తీగని రెండు వేళ్ళ మధ్య దొర్లిస్తే తెల్లదానికి మూడంచులు తగులుతాయి, నల్లది గుండ్రంగా జారిపోతుంది. అందుకే ప్రతి వేరుకీ జానెడు తీగ వదిలి తేవడం అక్కడి పద్ధతి. కొట్టులో ఆ తీగ చూసుకుని, కత్తిరించి పారేసి, వేర్లన్నీ ఒకే గుట్టలో పోస్తారు. గుట్టలో కలిశాక ఏది ఎవరు తెచ్చిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ఆ సంత రోజున దాలమ్మా, ఆమె తోటికోడలు తవిటమ్మా మోపులతో కొట్టు దగ్గరికి వచ్చేసరికి బల్ల మీద వైద్యం గణపతిరావు గారు గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు. ఆయన అలా కొట్టుకి వచ్చి కూర్చోవడం ఎప్పుడూ లేదు. ఎదురుగా, పోయిన ఎలక్షన్ల నాటి కాడెద్దుల బొమ్మ వెలిసిపోతున్న గోడకి ఆనుకుని గంగులు నిలబడి ఉన్నాడు. గంగులుది వాళ్ళ ఊరే. వాళ్ళమ్మ కూర్మమ్మకి కాళ్ళకి నీరు దిగితే గణపతిరావు గారు పొడి ఇచ్చిన సంగతి ఊరంతా ఎరిగినదే.

"నీ కొట్టు వేరునే దంచి ఇచ్చానయ్యా," అంటున్నారు గణపతిరావు గారు. "తెల్ల తెగడ చేసే పని కాదిది. తెల్లారేసరికి ముసలావిడ కళ్ళు తేలేసిందట. నెత్తురు కూడా పడిందట. నా చేతి మందు తిని ఇంతవరకు ఎవరూ ఇలా పడుకోలేదు."

జగన్నాధం మొహం కందగడ్డయింది. అతను గణపతిరావు గారి మీద ఎగరలేడు. గుట్ట మీద ఎగరలేడు. ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుగా కనిపించారు.

"పోయిన సంతకి తెగడ తెచ్చింది మీరిద్దరే. దాలమ్మ సంగతి నాకు తెలుసు. ఇంక మిగిలిందెవరు?" అన్నాడు తవిటమ్మ కేసి చూస్తూ.

తవిటమ్మ మోపు నెత్తిమీంచి దించలేదు. "నా మోపు ఇప్పి సూసినావు కదా బాబూ. ఒక్కొక్క తీగీ దొల్లించి మరీ సూసినావు. ఇప్పకుండా ఉండిపోనాది ఏ మోపో నువ్వే సెప్పు," అంది.

న్యాయంగా చూస్తే ఆ ఒక్క మాటతో తగువు తీరిపోవాలి. కాని తవిటమ్మ నోరున్న మనిషి. కాటా ముల్లు పక్కకి వాలితే వాలిందని పైకి అనేస్తుంది, తూకపు రాయి పట్టుకు చూపించమంటుంది. అలాంటి ఆడదాని నోట న్యాయం వచ్చినా బజారు దాన్ని తగువు కిందే జమకట్టుకుంటుంది.

"పైనున్నవి చూశాను. అడుగున ఏం కుక్కావో నాకేం తెలుసు? నువ్వొచ్చిన ప్రతిసారీ ఏదో ఒక గొడవే. నీ వేరు నాకొద్దు, పట్టుకుపో," అన్నాడు జగన్నాధం.

గంగులు గోడ దగ్గర్నించి ఇవతలికి వచ్చాడు. "మాయమ్మకేటయినా అయితే నీ గుమ్మంలోనే పాడె దింపుతాను తవిటమ్మా. మరి సూసుకో."

తవిటమ్మ అప్పుడు దాలమ్మ కేసి తిరిగి చూసింది. అడిగినట్టు లేదు, తిట్టినట్టూ లేదు. ఊరికే చూసింది. దాలమ్మ ఏదో ఒకటి అనవలసిందే. కలిసి నడిచొచ్చిన మనిషి, ఒక ఇంటి కోడళ్ళు, ఒకే గట్టు మీద తవ్వుకునే వాళ్ళు. ఆమె ఆ మాటేదో వెతుక్కుంటూ ఉండగానే జగన్నాధం ఇటు తిరిగి, "నువ్వలా పెట్టీ," అన్నాడు. దాలమ్మ పెట్టేసింది.

*

ఇంటికి వచ్చాక ఆమె గోగు నార తీయడానికి గుంటలోకి దిగింది. ఊరిన గోగు కట్టలు నల్లగా నాని, గుంటంతా కంపు కొడుతోంది. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్క కాడా మొదలు చితక్కొట్టి, నార ఒలిచి, నీళ్ళలో జాడించి గట్టు మీదకి విసరాలి. ఈ ఏడు గోగు బాగా వచ్చింది. కొన్నాళ్ళ నుంచి పొద్దున్న దిగితే మిట్టమధ్యాహ్నానికి గాని పైకి రావడం లేదు.

పని చేస్తోందన్న మాటే గాని మనసు కుదురుగా లేదు. తవిటమ్మని అంతేసి మాటలన్నారని బాధగానే ఉంది. ఆ బాధ అడుగున, దాలమ్మ సంగతి నాకు తెలుసు అని అందరి ముందూ అన్న మాట తియ్యగా కదులుతూనే ఉంది. ఆ తీపి తనకే సిగ్గనిపించింది. సిగ్గనిపించినా పోలేదు.

నార కొస ఎర్రగా కనిపించింది. చెయ్యి పైకి తీసి చూస్తే బొటనవేలి నుంచి నెత్తురు కారుతోంది. ముల్లెప్పుడు దిగిందో ఆమెకి తెలియనే లేదు. వేళ్ళ కొసలు నాని, తెల్లబడి, ముడతలు పడి ఉన్నాయి. బొటనవేలూ చూపుడువేలూ రాసి చూసింది. ఎవరి వేళ్ళో రాసినట్టుంది. మళ్ళీ రాసింది. గోళ్ళతో గిల్లుకుంది.

పోయిన సంత ముందు రోజు కూడా ఇలాగే నార తీసి తీసి, పొద్దు వాలాక, రేపు మోపు తక్కువవుతుందేమోనని గునపం పట్టుకుని ఉలవచేని గట్టు మీదకి పరిగెత్తింది. పువ్వులన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. ఈత పొద మీద అల్లుకున్న తీగని ఈ వేళ్ళతోనే దొర్లించి చూసింది. మూడంచులూ తగిలాయనే అనుకుంది. తగిలాయా? తగలాలనుకుంది కాబట్టి తగిలాయా?

దాలమ్మ నార కట్ట నీళ్ళలోనే వదిలేసి గట్టెక్కింది.

మర్నాడు మంచు ఆరకముందే ఆమె ఉలవచేని గట్టు మీద ఉంది. ఈత పొద మీద తెగడ విరగబూసి ఉంది. పాల తెలుపు పువ్వులు, మచ్చ లేనివి. అవి చూసి ముందు గుండె కుదుటపడింది. ఇక్కడున్నది తెల్లదే కదా, నేను తవ్వింది తెల్లదే కదా అనుకుంది. నాలుగడుగులు వెనక్కి వేసింది కూడా. తవ్విన తీగ ఇంకా పువ్వులెలా పూస్తోందన్న ఆలోచన అప్పుడొచ్చింది.

పొద దగ్గరికి వెళ్ళి ఆకులు పక్కకి తప్పించింది. పూసిన తీగని పట్టుకుని కిందికి వెతుక్కుంటూ పోతే అది భద్రంగా నేలలోకి దిగి ఉంది. దాని మొదలు ఎవరూ ముట్టలేదు. దాని పక్కనే తను గునపంతో తీసిన గొయ్యి. ఆ గొయ్యి పైన తెగి వేలాడుతున్న తీగ ఇంకొకటి. పచ్చటి తీగకి మెలికలు మెలికలుగా చుట్టుకుని, నిలువునా ఎండి, ఆకులు చుట్ట చుట్టుకుపోయి ఉంది. దాని కాడ గుండ్రంగా ఉంది. వేళ్ళు చెప్పకపోయినా కళ్ళకి తెలుస్తోంది. ఒక ఎండిన పువ్వుని అరచేతిలో నలిపితే ఊదా మరక అంటింది.

రెండూ ఒకే పొదకి ఒకదాన్నొకటి అల్లుకుని ఉంటే, ఒకదాన్ని వదిలేసి రెండో దాన్ని తవ్వుకుపోయింది. దాలమ్మ అక్కడే గట్టు మీద చతికిలబడింది.

*

"ముసిల్దానికి నయమైపోతే అందరూ మర్సిపోతారు," అన్నాడు ఆమె మొగుడు సోములు. ఎద్దుకి కుడితి పెడుతూ ఇటు తిరక్కుండానే అన్నాడు. "నువ్వెల్లి నెత్తినెత్తుకోకు. సావుకారు నమ్మకం పోతే మళ్ళీ వస్తాదేటి?"

"మరి తవిటమ్మ అప్పో?"

"మావొదినకి మాటలు కొత్తేటి? పడీ మనిసి కాదు, అనీ మనిసి."

దాలమ్మకి ఆ మాట ఆసరాగా దొరికినట్టే దొరికి జారిపోయింది. ఆ రోజంతా ఏ పని మొదలెట్టినా మధ్యలో వదిలేసింది. చోళ్ళు చెరగబోయి చేట పక్కన పెట్టింది. పొయ్యి రాజేసి నీళ్ళు పెట్టడం మరిచిపోయింది. నుయ్యి దగ్గర నలుగురు ఆడవాళ్ళు చేదుకుంటూ ఉండగా తవిటమ్మ బిందె పట్టుకుని వచ్చింది. వాళ్ళు ఏమీ అనలేదు. బిందెలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. ఒకామె చేద కూడా పట్టుకుపోయింది. తవిటమ్మ ఖాళీ బిందె నూతి చప్టా మీద పెట్టి, ఇంటికి పోయి తన తాడూ చేదా తెచ్చుకుని తోడుకుంది. ఇదంతా దాలమ్మ దడి పక్కన నిలబడి చూసింది.

సాయంత్రం అంబలి కాచి కూర్మమ్మ దగ్గరికి పట్టుకెళ్ళింది. ముసలామె నులకమంచానికి అతుక్కుపోయి ఉంది. పెదాలు పగిలి తోలు లేచిపోయాయి. దాలమ్మ తల కింద చెయ్యి వేసి ఎత్తి, కొంచెం కొంచెంగా గొంతులో పోసింది. రెండు గుటకలు దిగాయి. మూడోది కక్కేస్తుందేమోనని దాలమ్మ ఊపిరి బిగబట్టింది. కక్కలేదు.

"నువ్వు సల్లగుండాలి తల్లీ," అంది కూర్మమ్మ వినీ వినపడని గొంతుతో. "ఆ తవిటమ్మకి నానేటి సేసినాను? దాని పురుడు నా సేతిమీదే పోసినాను. నాకిలాంటి ఏరు పెట్టింది."

"అలాగనకు పెద్దమ్మా. పిన్నో పెద్దో తప్పు ఎవులికైనా వస్తాది."

"నీకు రాదు కదే."

దాలమ్మ ముంత కింద పెట్టేసి బయటికి వచ్చేసింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అలా కొన్నాళ్ళు గడిచాయి. కూర్మమ్మ లేచి కూర్చుంది. సోములు చెప్పినట్టు ఊరు మరిచిపోతుందేమోనని దాలమ్మ చూసింది. ఊరు కూర్మమ్మ జబ్బు మరిచిపోయింది. తవిటమ్మ తెచ్చిన వేరు మాత్రం మరవలేదు. దాలమ్మ గుంటలోకి దిగడం మానేసి, కూలికి మనిషిని పెట్టింది. పొద్దున్నా సాయంత్రం వేళ్ళకి ఆముదం రాసుకుంది. ముడతలు పోయాయి. ఒకనాడు చోళ్ళలో మట్టిబెడ్డ వేలికి తగిలి, తగిలిందని తెలిసింది. సంతోషించవలసిన సంగతే. ఆమెకి ఏడుపొచ్చింది.

సంత ముందు రోజు తవిటమ్మ గుమ్మంలోకి వెళ్ళింది. ఇల్లు విడిపోయాక మధ్యలో ఒక్క దడే గాని, ఆ దడి దాటి వెళ్ళడం ఎంత కష్టమో ఆ వేళ తెలిసింది. తవిటమ్మ అరుగు మీద కూర్చుని, కొట్టువాడు వద్దన్న పాత మోపు విప్పి, వేర్లు ఎండలో పరుస్తోంది. మొగుడు పోయిన మనిషి. వాటాకి వచ్చిన చెక్క రాళ్ళ నేల. ఈ వేర్లు కొనకపోతే ఆమెకి కూలి తప్ప దారి లేదు, ఆ కూలికి కూడా ఇప్పుడు పిలిచేవాళ్ళు లేరు.

"అప్పా, ఆ నల్ల తెగడ నాను తవ్విందే," అంది దాలమ్మ, కూర్చోకుండానే.

తవిటమ్మ పరుస్తున్న వేరు పరిచింది. ఇంకొకటి తీసింది. "ఉలవచేని గట్టుమీద, ఈత పొద కాడ," అంది.

దాలమ్మ నిర్ఘాంతపోయింది. "నీకెలా తెలుసు?"

"సంత నుంచొచ్చిన సాయంత్రమే ఎల్లి సూశాను. నా గోతులన్నీ సూసుకున్నాను ముందర. తరవాత నీయి సూశాను."

"మరి సెప్పనేదేటి అప్పా?"

తవిటమ్మ అప్పుడు తలెత్తింది. "ఎవులికి సెప్పమంటావు? నాను సెప్తే, నానే ఆ తీగి పీకి నీ గోతికాడ ఏసినానంటారు. నువ్వు సెప్తావేమోనని సూసినాను. సంతకి ఇంకొక్క పొద్దున్నాది కదా, సూద్దామనుకున్నాను."

దాలమ్మ "రేపు మోపు కట్టుకో. కలిసెల్దాం," అని మాత్రం అని వచ్చేసింది.

*

కొట్టులో గణపతిరావు గారు ఆ వేళ కూడా ఉన్నారు. ఇకమీదట వేరు తనే చూసుకుని పట్టుకెళతానన్నారట. గంగులు ఆయన దగ్గర అమ్మకి బలం మందు కోసం వచ్చి నిలబడ్డాడు. తవిటమ్మ గుమ్మం కిందనే ఆగిపోయింది. దాలమ్మ మోపు కాటా మీద పెట్టకుండా నేలమీద దించింది.

"బాబూ, కూర్మమ్మకి పెట్టిన నల్ల తెగడ నా మోపులోది. అప్ప మోపులోది కాదు," అంది.

జగన్నాధం నవ్వాడు. వెటకారం కాదు, ముచ్చటపడే నవ్వాడు. "తోటికోడలు కదా అని నెత్తి మీద వేసుకుంటున్నావు. తెలుసులే."

"నిజం బాబూ. గట్టుమీద ఆ తీగి ఎండిపోయి ఉన్నాది. నా గొయ్యి మీదే ఉన్నాది. వచ్చి సూడండి."

"ఆ గట్టు మీద ఇద్దరూ తిరుగుతారు. ఎవరు తవ్వారో తీగ చెబుతుందా?"

"చూశారా, ఎలాంటి మనసో," అన్నారు గణపతిరావు గారు గంగులుతో. గంగులు కూడా తలూపాడు. తవిటమ్మ కేసి మాత్రం ఇంకా కోరగానే చూశాడు. చేసిందానికి సిగ్గుపడక, పక్కవాళ్ళ చేత చెప్పించుకుంటోందన్నట్టుంది ఆ చూపు.

దాలమ్మకి ఒళ్ళు మండుకొచ్చింది. ఎన్నాళ్ళ బట్టో కూడబెట్టుకున్న మంచి పేరు, నిజం చెప్పబోతే గొంతుకి అడ్డం పడుతోంది. తను ఎంత చెబితే అంత మంచిదవుతోంది, తవిటమ్మ అంత చెడ్డదవుతోంది.

"గోగు నార తీసి తీసి నా సేతి ఏళ్ళు సచ్చిపోనాయి బాబూ," అంది గొంతు పెంచి. "తీగి దొల్లిస్తే అంచు తెలవటం నేదు. కావాలంటే పెట్టి సూడండి."

జగన్నాధం సరదాకే లేచాడు. పశువుల మందుకని నల్ల తెగడ కూడా కొద్దిగా లోపల ఉంచుతాడు. రెండు తీగ ముక్కలు తెచ్చి వెనక దాచుకుని, "కళ్ళు మూసుకో. నీకు తెలియకపోవడమేమిటో చూద్దాం," అన్నాడు.

దాలమ్మ కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది. తీగ ముక్క అరచేతిలో పడింది. బొటనవేలితో దొర్లించింది. ఒక అంచు. రెండో అంచు. మూడోది. గోరంత తేడా లేకుండా మూడూ తగిలాయి. ఇంత స్పష్టంగా ఏ రోజూ తగల్లేదు. తెల్ల తెగడ అని చెబితే చాలు, జగన్నాధం నవ్వుతాడు, అలా పెట్టీ అంటాడు. ఈ కొట్టులోనూ ఊళ్ళోనూ నుయ్యి దగ్గరా అంతా నిన్నటిలాగే ఉంటుంది. ఆమెకి అది కావాలనిపించింది. గట్టిగా కావాలనిపించింది. మళ్ళీ ఒకసారి దొర్లించింది.

"గుండ్రంగా ఉన్నాది బాబూ. ఇది నల్లది," అంది.

రెండో ముక్క చేతిలో పడింది. అది నున్నగా జారింది.

"ఇది తెల్లది."

కళ్ళు తెరిచేసరికి జగన్నాధం మొహంలో నవ్వు లేదు. గణపతిరావు గారు గొడుగు ఇటునుంచి అటు మార్చుకుని ఎటో చూస్తున్నారు. గంగులు ఆమె చేతులకేసే చూస్తున్నాడు. అవే తన తల్లికి అంబలి పోసిన చేతులని అప్పుడే గుర్తుపట్టినట్టున్నాడు.

"మోపు విప్పు," అన్నాడు జగన్నాధం.

ఆమె ముడి విప్పింది. అతను కింద గొంతుక్కూర్చుని ఒక్కొక్క తీగా దొర్లించి చూశాడు. అన్నీ తెల్లవే. అయినా రెండోసారి మొదటినుంచి చూశాడు. చూసి చూసి, వేర్లు పక్కకి తోసేశాడు. "ఇవాళ్టికి నీది వద్దులే. వేళ్ళు బాగుపడ్డాక చూద్దాం," అన్నాడు. తరవాత గుమ్మం కిందకి తల వంచి, పెద్ద ఇష్టం లేకుండానే, "నీది తీసుకురా," అన్నాడు తవిటమ్మని.

తవిటమ్మ మోపు పైకి తెచ్చింది. దాన్ని కూడా విప్పించే చూశాడు. తూకం వేశాడు.

ఇద్దరూ రైలు గేటు దాటారు. వెనక్కి తెచ్చుకుంటున్న మోపు దాలమ్మకి కొత్త బరువుగా ఉంది. ఇంతకాలం అటువైపు మోసుకెళ్ళడమే గాని ఇటు మోయడం ఆమె ఎరగదు. మనసులో మాత్రం కొంచెం తేలికగా ఉంది. అప్ప ఒక మంచి మాటంటుందని, ఎందుకో, చిన్నపిల్లలా ఎదురుచూసింది.

"నీ ఏళ్ళు బాగానే ఉన్నాయి కదే," అంది తవిటమ్మ ముందు నడుస్తూ, తిరగకుండా.

దాలమ్మ అడుగు తడబడి, నెత్తి మీద మోపు ఒరిగింది.

"మూడో అంచు కాడ నీ బొటనేలు ఆగిపోనాది. సూశాను."

"అయితే ఏటప్పా? నిజం నిలబడ్డాది కదా."

తవిటమ్మ ఆగింది. చెంగుతో మెడ తుడుచుకుని, ఆ చెంగు మళ్ళీ బొడ్లో దోపుకుంది. "నాను నిజం సెప్తే ఒక్కలూ నమ్మనేదు. నువ్వు అబద్ధమాడితే నలుగురూ నమ్మీసినారు," అంది. అందులో మెప్పు లేదు, దెప్పూ లేదు. ఆకలేస్తోందని చెప్పినట్టు చెప్పింది.

అని, దాలమ్మ నెత్తి మీద మోపు ఒక పక్కకి ఒరిగి ఉంటే సరిచేసి, నడవడం మొదలుపెట్టింది.